గాలం పక్కకు పోవాలంటే: ఇన్‌లైన్ బోర్డా, వెదురు గడా, స్తంభం బోర్డా?

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లారకముందే తుమ్మలపెంట నుంచి మా బావ ఫైబర్ బోటులో బయల్దేరాం. ఏడు బారల లోతు. గాలి లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. ఎదురుగా వంద గజాల దూరంలో కవళ్లు అనే చిన్న చేపల గుంపు చిటపటమని ఎగురుతోంది. కింద ఏదో పెద్ద చేప తరుముతోందని చూడగానే తెలుస్తుంది. ఇంజను తగ్గించి గుంపు మధ్యలోంచి పోనిచ్చాం. బోటు దగ్గరికి వచ్చేసరికి గుంపు రెండుగా చీలి మునిగిపోయింది. మేం దాటిపోయాక ఎడమ పక్క ముప్ఫై మీటర్ల దూరంలో ఒక ముక్క, కుడి పక్క ఇంకో ముక్క మళ్లీ తేలాయి. మా నాలుగు గాలాలూ మాత్రం బోటు వెనక నురగలో వరసగా, బుద్ధిగా వస్తున్నాయి.

"మనం పోయే దారిలో తప్ప అన్ని చోట్లా ఉండాయిరా చేపలు" అన్నాడు బావ.

గాలాన్ని బోటు వెనక నుంచి పక్కకు లాక్కుపోయే పక్క బోర్డుల గోల నాకు పట్టింది ఆ రోజే. తర్వాత మూడు సీజన్లలో ఇన్‌లైన్ బోర్డులు కొన్నాను, వెదురు గడలు కట్టాను, చెక్కతో సొంతంగా ఒక బోర్డు చేసి పోగొట్టుకున్నాను. కావలి, అల్లూరు, మైపాడు వైపు గానీ, అటు కొత్తపట్నం వైపు గానీ బోటు మీద సరదాకో, నాలుగు డబ్బులకో గాలం లాగేవాళ్లు ఏది కొనాలని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే తేల్చి చెప్పేస్తాను. బోర్డు రంగు, కంపెనీ, ధర అన్నీ తర్వాత. మీ బోటు ఎంత నెమ్మదిగా పోగలదు, మీరు లాగేది ఎర చేపనా, రబ్బరో ప్లాస్టిక్కో ఎరనా అన్నది ముందు చూసుకోండి. రెండున్నర నాట్ల (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) లోపు పోయేవాళ్లకు ఇన్‌లైన్ బోర్డు. నాలుగు నాట్లు దాటి లాగేవాళ్లకు వెదురు గడ. మధ్యలో ఉన్నవాళ్లు ఈ వ్యాసం మొత్తం చదవాలి, తప్పదు.

అసలు ఇదేం బోర్డు

ట్రోలింగ్ అనగానే ఇప్పటి పిల్లలకు ఫోన్‌లో ఎవరినో ఏడిపించడం గుర్తొస్తుంది. మన పాలేల్లో అయితే వల లాగే ట్రాలింగ్ అనుకుంటారు. ఇది రెండూ కాదు. బోటు నెమ్మదిగా పోతుంటే వెనక గాలం లాగడం. నేను లాగుడు గాలం అంటాను.

ట్రాల్ బోటు చూసినవాళ్లకు పక్క బోర్డు గురించి సగం తెలిసినట్టే. ట్రాల్ వల నోరు తెరుచుకుని ఉండాలని రెండు వైపులా తలుపుల్లాంటి బరువైన బోర్డులు కడతారు కదా. తాడు కట్టిన తీరు వల్ల ఆ బోర్డు నీటికి ఏటవాలుగా నిలబడుతుంది, నీటి ఒత్తిడి దాన్ని బయటికి నెడుతుంది. ఎడమది ఎడమకు, కుడిది కుడికి పోతే వల నోరు విచ్చుకుంటుంది. ఇన్‌లైన్ బోర్డు కూడా అదే పని చేస్తుంది. కాకపోతే అడుగు అటూ ఇటూ పొడవుండి నీటి మీద తేలుతుంది. ముందు అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది, నిటారుగా నిలబడటానికి అడుగున కాస్త బరువు ఉంటుంది. సంక్రాంతి గాలిపటాన్ని నీటి మీద పక్కకు పడుకోబెట్టి ఎగరేసినట్టు ఊహించుకోండి.

'ఇన్‌లైన్' అనడం ఎందుకంటే ఈ బోర్డు నేరుగా మీ రాడ్ లైన్ మీదే క్లిప్పుతో ఎక్కుతుంది. వేరే తాడు, వేరే స్తంభం అక్కర్లేదు. ఇది అమెరికాలోని పెద్ద మంచినీటి సరస్సుల వాడకం. అక్కడ వాలై అనే చేప కోసం గంటకు రెండున్నర నుంచి నాలుగు కిలోమీటర్ల వేగంతో లాగుతారు. మన నడక కన్నా తక్కువ. ఈ ఒక్క లెక్క గుర్తుంటే తర్వాత చెప్పేదంతా దానంతట అదే అర్థమవుతుంది. ఆ బోర్డులు పుట్టింది ఆ వేగానికి. వాటిని తెచ్చి మన వంజరం వేగంలో లాగితే ఎందుకు మొరాయిస్తాయో చూద్దాం.

వేగం దగ్గరే అంతా ఉంది

నీటిలో ఏ వస్తువును లాగినా, వేగం రెట్టింపయితే ఈడ్పు నాలుగు రెట్లవుతుంది. రెండు నాట్లలో హాయిగా పక్కకు పోయే బోర్డును ఐదు నాట్లలో లాగితే దాని మీద ఆరు రెట్లకు పైగా బలం పడుతుంది. అప్పుడు క్లిప్పు జారుతుంది, లేదంటే బోర్డు ముక్కు నీళ్లలోకి గుచ్చుకుని మునుగుతుంది, అదీ కాకపోతే అల మీద నుంచి ఎగిరి బోర్లా పడుతుంది. మూడూ నా కళ్లతో చూశాను, ఒకే ఉదయం.

వంజరాన్ని రెండు రకాలుగా పట్టొచ్చు. కృత్రిమ ఎరతో అయితే ఐదు నుంచి ఏడు నాట్లు లాగాలి. ఆ వేగంలోనే ఎర బతికున్నట్టు కొట్టుకుంటుంది, చేపకు ఆలోచించే టైమ్ ఉండదు. ఎర చేపతో, అంటే బతికున్న కానాగంతనో, కత్తిపరిగనో గుచ్చి లాగితే ఒకటి నుంచి రెండు నాట్లు చాలు. అంతకన్నా వేగంగా పోతే ఎర చేప పది నిమిషాల్లో చచ్చి గిరగిరా తిరుగుతుంది, లైన్ మొత్తం మెలికలు పడుతుంది. ఈ రెండో పద్ధతిలోనే ఇన్‌లైన్ బోర్డు మన సముద్రంలో నిజంగా పనికొస్తుంది. తేట నీళ్లలో, ఇంజను చప్పుడుకు దూరంగా, ఎర ఒంటరిగా ఈదుతున్నట్టు కనిపిస్తుంది.

ఎంత వెడల్పు వస్తుందో లెక్క వేసి చూశాను. బోటు వెనక నాలుగు లైన్లు వదిలితే, ఎంత విడదీసినా ఐదు మీటర్ల వెడల్పు. రెండు నాట్ల మీద గంటసేపు పోతే నాలుగున్నర ఎకరాల నీటిని తాకినట్టు. ఇన్‌లైన్ బోర్డులు రెండు వైపులా 20 మీటర్ల దూరం పోతే అదే వేగంలో గంటకు 36 ఎకరాలు. ఇది విని బోర్డు కొనడానికి లేవకండి. బోటుకు రెండు పక్కలా ఐదేసి మీటర్ల వెదురు గడలు బయటికి చాచి కట్టుకుని ఐదు నాట్ల మీద పోతే, వెడల్పు 12 మీటర్లే అయినా గంటకు 27 ఎకరాలు వస్తుంది. అంటే వేగంగా పోయేవాడికి బోర్డు లేకపోతే కొంప మునిగిందేమీ లేదు. నెమ్మదిగా పోయేవాడికే ఆ వెడల్పు అవసరం. (ఎకరాల్లో చెప్పానని నవ్వకండి. నెల్లూరోళ్లం కాబట్టి అంకణాల్లో చెప్పాలనే ఉంది, సున్నాలు ఎక్కువై ఆగిపోయాను. పైగా ఇది వల కాదు, ఎకరాలన్నీ మనవైనంత మాత్రాన అందులో చేపలు మనవి కావు.)

ఫోన్ జీపీఎస్ చూపించే వేగాన్ని గుడ్డిగా నమ్మొద్దు. అది నేల మీద వేగం, నీటిలో వేగం కాదు. మన తీరం వెంట ఫిబ్రవరి నుంచి మే దాకా నీటి ప్రవాహం ఉత్తరం వైపు పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణం వైపు. ఫిబ్రవరిలో రామాయపట్నం వైపు పోతుంటే ఫోన్ మూడు నాట్లు చూపించినా గాలం రెండే చూస్తుండొచ్చు. తిరిగి మైపాడు వైపు వచ్చేటప్పుడు దీనికి తలకిందులు. ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపి సగటు తీయండి. అలవాటైతే ఫోన్ కూడా అక్కర్లేదు. రాడ్ కొన ఎంత వంగింది, బోర్డు ముక్కు ఎంత పైకి లేచింది అన్నవి చూస్తే చాలు.

ఉత్తి లైన్లు: ముందు ఇదే చేయండి

ఏమీ కొనకుండా సగం లాభం పొందే దారి ఒకటుంది. లైన్లను వేరు వేరు దూరాల్లో వదలండి. ఒకటి 15 మీటర్లు, ఒకటి 30, ఒకటి 50. బోటును సూటిగా కాకుండా పాము నడిచినట్టు మెలికలు తిప్పుతూ నడపండి. మలుపు తిరిగినప్పుడల్లా గాలాలు బోటు నురగలోంచి బయటికి వస్తాయి. బయటి వైపు గాలం వేగం పుంజుకుంటుంది, లోపలి వైపుది నెమ్మదించి కాస్త మునుగుతుంది. ఏ వైపు గాలానికి చేప పడిందో గుర్తుపెట్టుకుంటే ఆ రోజు చేపకు ఏ వేగం నచ్చిందో మీకే తెలిసిపోతుంది. ఈ ఒక్క అలవాటు లేనివాడు ఎన్ని బోర్డులు కొన్నా పెద్దగా ప్రయోజనం ఉండదు.

నీళ్లు మడ్డిగా ఉన్నప్పుడు కూడా నాకు ఉత్తి లైన్లే ఇష్టం. మన జిల్లాల్లో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పెన్న ముఖద్వారం నుంచి ఎర్రనీళ్లు వస్తున్నప్పుడు చేప బోటును చూసి బెదిరేదేముంది, దానికి బోటు కనిపిస్తే కదా.

వెదురు గడలు

ఇది మన చేతికి అందే వస్తువు. ఐదారు మీటర్ల గట్టి వెదురు రెండు, గడ మొదలు దూర్చడానికి పీవీసీ పైపు ముక్కతో చేసిన రెండు ఒరలు, చిన్న కప్పీ, నైలాన్ తాడు. గడ కొన నుంచి తిరిగే తాడుకు బట్టలారేసే క్లిప్పు కట్టి, దానికి రబ్బరు బ్యాండుతో గాలం లైన్‌ను పట్టించాలి. చేప పడగానే రబ్బరు తెగి లైన్ విడిపోతుంది. తర్వాత మీకూ చేపకూ మధ్య ఇంకేమీ ఉండదు. ఏ వేగమైనా దీనికి ఒకటే. లైన్ ఎత్తు నుంచి దిగుతుంది కాబట్టి ఎర నీటి మీద తుళ్లుతూ వస్తుంది. తూర (ట్యూనా), వంజరం రెండింటికీ ఆ తుళ్లింత ఇష్టం.

ఇబ్బంది అంతా ఒడ్డు దగ్గరే. మన తీరంలో ఎక్కువ బోట్లు రేవులోంచి కాదు, ఇసుక మీద నుంచి నేరుగా అలల్లోకి దిగుతాయి. అలలు విరిగే చోటు దాటేటప్పుడు గడలు విప్పి బోటు పొడవునా పడుకోబెట్టి కట్టేయాలి. ఒకసారి బద్ధకించి నిలువుగా ఎత్తి వదిలేశాను. పక్క అల కొట్టగానే గడ కొడవలిలా తిరిగి వచ్చి బావ టోపీని ఎగరేసింది. తల తప్పింది కాబట్టి ఇప్పటికీ బోటు ఎక్కనిస్తున్నాడు.

వలల పని కూడా చేసే బోటైతే గడలకు శాశ్వతంగా చోటివ్వడం కష్టం. విప్పి తీసేలా కట్టుకోండి.

ఇన్‌లైన్ బోర్డు: కొనేముందు, కొన్నాక

ఇది ఇద్దరు మనుషుల బోటుకు సరిపోయే వస్తువు. సంచిలో పడుతుంది, బోటుకు బొక్క వేయక్కర్లేదు, అలలు దాటేటప్పుడు అడ్డం రాదు. ముప్ఫై మీటర్ల లోపు దూరానికి బాగా పనిచేస్తుంది. అంతకన్నా దూరం పంపితే లైన్ బరువుకే వెనక్కి జారుతుంది, పైగా అల వెనక ఉన్న బోర్డు మీ కంటికి కనిపించదు.

మిషిగన్ కంపెనీల బోర్డులే మన గాలం మిత్రుల నోళ్లలో ఎక్కువగా వినిపిస్తాయి. ఆఫ్‌షోర్ వాళ్ల ఓఆర్12, చర్చ్ టాకిల్ వాళ్ల టీఎక్స్-22. తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిపి జత వేలల్లోనే పడుతుంది. ఆ డబ్బుకు మంచి రీలు వస్తుంది. రీలు బాగోలేనివాళ్లు ముందు రీలే కొనండి, బోర్డు తర్వాత సంగతి.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఎడమ, కుడి చూసుకోండి. ఎడమ బోర్డు ఎడమకే పోతుంది. నాకు ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి జత పేరుతో రెండూ ఎడమవే వచ్చాయి. పెట్టె మీద ఉన్నదేమిటో చూడకుండా సముద్రంలోకి తీసుకుపోయింది నేనే. కుడి పక్క వేసిన బోర్డు బుద్ధిగా బోటు కిందికి దూరి, ఇంజను ఫ్యాను వైపు పోయింది. బావ ఇంజను ఆపాడు కాబట్టి సరిపోయింది. అటూ ఇటూ మార్చుకునే రకాలు కూడా ఉన్నాయి. తెల్లవారుజాము చీకట్లో సర్దుకునేవాళ్లకు అవి మేలు.

బోర్డు కన్నా క్లిప్పులే ముఖ్యం. ముందు భాగాన ఒకటి, తోక దగ్గర ఒకటి ఉంటాయి. ముందుది చేప లాగినప్పుడు విడిపోవాలి, వెనకది ఏం జరిగినా విడిపోకూడదు. వెనకది మధ్యలో చిన్న పిన్ను ఉన్న రకమైతే లైన్ ఆ పిన్ను వెనక చిక్కుకుని ఉంటుంది, బోర్డు పోదు. ముందుది వదిలాక బోర్డు తోక పట్టుకుని వెనకే వస్తుంది, నీటిని అడ్డుకోదు. వంజరానికి ఈ ఏర్పాటే సరైనది. అది పడగానే తీసే మొదటి పరుగు మామూలుగా ఉండదు. ఆ సమయంలో బోర్డు పక్కకు ఈడుస్తూ కూర్చుంటే గాలం నోట్లోంచి చీల్చుకుని వచ్చేస్తుంది. రెండు క్లిప్పులూ బిగించి ఉంచడం చిన్న చేపలకు, మంచినీటికి సరే.

రెండూ విడిపోయే పద్ధతి కూడా కొందరు వాడతారు. బోర్డు పూర్తిగా ఊడి నీటి మీద తేలుతుంది, చేపను ఎక్కించాక వెతుక్కోవాలి. నేను చెక్కతో చేసిన బోర్డు అలాగే పోయింది. దానికి ముచ్చటగా నీలం రంగు వేశాను. సముద్రంలో నీలం బోర్డును వెతకడం ఎంత తెలివైన పనో మీరే చెప్పండి. నారింజ గానీ, చిలకపచ్చ గానీ వేసుకోండి.

లైన్ విషయానికొస్తే, అల్లిన సన్న దారం క్లిప్పులో నిలవదు, సబ్బు పట్టినట్టు జారుతుంది. అదే వాడాలనుకుంటే క్లిప్పు రబ్బరు మీద రెండు చుట్లు తిప్పి మూయండి. మామూలు నైలాన్ లైన్‌కు ఈ గోల లేదు, పైగా అది కాస్త సాగుతుంది కాబట్టి అల కొట్టినప్పుడు క్లిప్పు అదిరి విడిపోదు. బోర్డు పని వరకు నా ఓటు నైలాన్‌కే. చివర్లో జానెడు, జానెడున్నర స్టీలు తీగ తప్పనిసరి. వంజరం పళ్లు నైలాన్‌ను కత్తెరలా కోస్తాయి.

వేసే తీరు ఇది. ఎరను ముందు బోటు వెనక్కి వదలండి, 20 మీటర్లు అనుకుందాం. రీలు ఆపి, లైన్‌ను బోర్డు ముందు క్లిప్పులో పెట్టి నొక్కండి, తర్వాత వెనక క్లిప్పు. బోర్డును నీళ్లలో నిలబెట్టి, బొటనవేలితో రీలును అదిమిపెట్టి మెల్లగా లైన్ వదులుతూ పోండి. ఒక్కసారిగా వదిలితే బోర్డు వెనక్కి కొట్టుకుపోయి పల్టీ కొడుతుంది. లైన్ కాస్త బిగుతుగా ఉంటేనే అది పక్కకు నడుస్తుంది. పది మీటర్లు పోయాక చూడండి, దారి తెలిసిన దూడలా తనే పోతుంటుంది. కావాల్సినంత దూరం పోయాక రీలు మూసి, రాడ్‌ను స్టాండులో నిలువుగా పెట్టండి. రాడ్ కొన ఎత్తుగా ఉంటే లైన్ అలల మీద పడదు. ఒక వైపు రెండు బోర్డులైతే బయటిది ముందు, లోపలిది తర్వాత.

చేప పడితే బోర్డు వరసలోంచి వెనక్కి పడుతుంది. చిన్న చేపయితే కాస్త తల ఊపి ఊరుకుంటుంది. దానికోసమే కొన్ని బోర్డుల మీద స్ప్రింగు జెండా పెడతారు, లైన్ లాగగానే జెండా పడిపోతుంది. నాచు తగులుకున్నా జెండా పడుతుందని మరిచిపోకండి. బయటి లైన్‌కు చేప పడితే దాన్ని లోపలి బోర్డు వెనకగా తిప్పి తీసుకురావాలి. బోర్డు బోటు దగ్గరికి రాగానే ఒకరు లైన్ సడలకుండా పట్టుకుంటే ఇంకొకరు క్లిప్పులు తీయాలి. ఈ పని ఒక్కడే చేయాలంటే మూడో చెయ్యి కావాలి. ఒంటరిగా పోయేవాడికి నేను ఇన్‌లైన్ బోర్డు చెప్పను.

స్తంభం బోర్డులు

వీటిలో బోర్డు పెద్దది, స్కీ పలకల్లా జంటగా కూడా ఉంటుంది. బోటు ముందు భాగాన స్తంభం నిలబెట్టి, దాని నుంచి తాడుతో బోర్డును పక్కకు పంపి, ఆ తాడు మీద రింగులతో మూడు నాలుగు లైన్లను జార్చి వదులుతారు. చేప పడితే లైన్ తాడు నుంచి విడిపోతుంది. అల ఉన్నప్పుడు చిన్న బోర్డు కన్నా ఇది స్థిరంగా నిలుస్తుంది, ఎక్కువ లైన్లు మోస్తుంది, లైన్ మీద ఏ బరువూ మిగలదు. పెద్ద సరస్సుల్లో ఐదారుగురిని ఎక్కించుకుని పోయే బోట్లకు ఇది బాగుంటుంది.

మన దగ్గర నేను వద్దంటాను. కారణం ఒకటే, వలలు. రాత్రి వదిలిన వలలు తెల్లారేదాకా నీళ్లలోనే ఉంటాయి. వాటిని నీటి మీద తేల్చే బెండ్లు వెలుగు వస్తే గానీ కనపడవు. నలభై మీటర్ల తాడుతో పెద్ద బోర్డును పక్కన ఈడ్చుకుపోవడం అంటే ఊరందరి వలల మీదుగా కంచె లాక్కుపోవడమే. ఇన్‌లైన్ బోర్డుతో కూడా ఈ తప్పు చేశాను. నా బోర్డు ఒకరి వల బెండ్ల తాడులో చిక్కింది. లైన్ కోసేశాను గానీ వల కోయలేదు, బోర్డును వాళ్లే తెచ్చి ఒడ్డున ఇచ్చారు, నాలుగు మాటలతో సహా. ఆ మాటలకు నేను అర్హుణ్ణే. పాలెం పెద్దల్ని ఒక మాట అడిగి, ఏ వైపు వలలు దిగాయో తెలుసుకుని, పూర్తిగా వెలుగు వచ్చాకే బోర్డులు వేయండి.

లోతుకు గాలాన్ని దించే బరువు గుండ్లు, ముంచే పలకలు కూడా అమ్ముతారు. వాటి పని కిందికి తీసుకుపోవడం, పక్కకు కాదు. కొన్ని పలకలు రెండూ కాస్త కాస్త చేస్తాయి. పది బారల లోపు నీళ్లలో తిరిగే మనకు వాటితో పెద్ద పని లేదు.

మరి మంచినీళ్లలో?

సోమశిల, కండలేరు చూసినప్పుడల్లా ఇన్‌లైన్ బోర్డుకు ఇదే సరైన చోటని అనిపిస్తుంది. 78 టీఎంసీలు ఒకటి, 68 టీఎంసీలు ఒకటి. అల తక్కువ, వెడల్పు ఎక్కువ. కానీ జలాశయాల్లో చేపల మీద హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారులది. మత్స్యశాఖ వాళ్లను అడగకుండా గాలం వేయొద్దు. పైగా అక్కడ ఎక్కువగా దొరికే బొచ్చె, రోహు లాగుడు గాలానికి వచ్చే రకం కాదు. వాలుగ లాంటి వేటాడే చేప మీదే ఆశ పెట్టుకోవాలి. నీళ్లు తగ్గినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు తేలతాయి, బోర్డు దూరంగా పోయేకొద్దీ వాటికి తగులుకునే అవకాశం పెరుగుతుంది. బకింగ్‌హాం కాలువలోనో, ఏటి మొగలోనో బోర్డు వేస్తామంటారా, వెడల్పు చాలదు, గట్టు ఎక్కుతుంది.

ఎప్పుడు, ఎలా

తేట నీళ్లకు సంక్రాంతి దాటాక ఏప్రిల్ 14 దాకా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, ఇంజను బోటు కదపొద్దు. జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకే వస్తాయి. ఊపిరి కోసం తల పైకి పెట్టిన తాబేలు కనిపిస్తే ఆ వైపు లైన్లు చుట్టేయండి. బోర్డు మీద ఉన్న లైన్ బోటుకు 20 మీటర్ల దూరంలో ఉంటుంది, మీరు పక్కకు తప్పించినా అది తప్పుకోదు. రాకెట్ లేచే రోజు శ్రీహరికోట వైపు పోవద్దని ముందే చెప్తారు, ఆ హెచ్చరిక కూడా చూసుకోండి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రోజూ అలల ఎత్తు, గాలి అంచనా ఇస్తుంది. నీటి ఉపరితల ఉష్ణోగ్రత, పచ్చదనం ఉపగ్రహంతో చూసి చేపలు ఉండే చోట్లు కూడా చెప్తుంది, ఒడ్డు నుంచి ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు అన్నదానితో సహా. నేను అలల ఎత్తు కోసమే ముందు చూస్తాను. మీటరు దాటితే ఇన్‌లైన్ బోర్డులు ఇంట్లోనే. ఒడ్డు దగ్గర మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది కాబట్టి బోర్డు పని పదింటికల్లా ముగించుకోవాలి.

ఎవరికి ఏది

ఇద్దరున్న చిన్న ఫైబర్ బోటు, ఎర చేపతో వంజరం, పార కోసం నెమ్మదిగా లాగేవాళ్లకు రెండు ఇన్‌లైన్ బోర్డులు, ఒక వైపు ఒకటి. నాలుగు వద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు. కృత్రిమ ఎరలతో వేగంగా తిరిగేవాళ్లకు, తూర మీద కన్నున్నవాళ్లకు వెదురు గడలు. ఒంటరిగా పోయేవాడికి, వారానికోసారి ఎవరిదో బోటు అద్దెకు తీసుకునేవాడికి ఉత్తి లైన్లు, పాము నడక. బోర్డు కొనాలా వద్దా అని ఇంకా ఊగుతున్నవాడు ముందు వెదురు కట్టుకోవడం మంచిది. నచ్చకపోతే పందిరికి పనికొస్తుంది.

బోర్డే కావాలనుకుంటే, డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. ఇంజనును ఆగిపోయే ముందు వేగానికి తగ్గించి, అటు ఒకసారి ఇటు ఒకసారి నడిపి సగటు చూడండి. చాలా ఇంజన్లు ఎంత తగ్గించినా మూడు నాట్ల కిందికి దిగవు. అప్పుడు ఖాళీ పెయింటు బకెట్టుకు అడుగున నాలుగు బెజ్జాలు పెట్టి, గట్టి తాడుతో బోటు నడుమ భాగం నుంచి ఒక్కో వైపు ఒక్కోటి వేలాడదీయండి. తాడు పొట్టిగా ఉండాలి, ఫ్యానును చేరకూడదు. మా బావ బోటు మామూలుగా 3.2 నాట్లు పోయేది. ఒక బకెట్టుతో 2.5, రెండింటితో 1.9. ఆ రెండు బకెట్లు వచ్చాకే మా బోర్డులు నిలబడ్డాయి. రెండు బకెట్లతో కూడా మీది రెండున్నర కిందికి దిగకపోతే, బోర్డు డబ్బుతో మంచి వెదురు చూసుకోండి.